అర మార్కుకో క్షమాపణ

ఇసోగాయ్ గారికి ఉన్నది ఒకటే పిచ్చి. ఎప్పుడో ఒక ఆటకు తాను వేసిన మార్కు తప్పని తోస్తే చాలు, కాస్తెల్లా కేకు పెట్టె పట్టుకుని ఆ ఆట తయారుచేసినవారి గుమ్మం ముందు నడుం వంచి నిలబడతారు.

ముప్పై ఏళ్ల కిందట ఒసాకాలో ఒక వీడియో గేముల పత్రికకు సమీక్షలు రాసేవారు. అరచేతిలో పట్టుకుని ఆడే ఒక గేములో నక్క ఇళ్ల కప్పుల మీద దూకుతూ పోవాలి. దానికి ఈయన పదికి మూడు వేశారు. దాన్ని తయారుచేసిన కురాతా ఆ దెబ్బతో ఆటలకో దండం పెట్టి తాళంచెవుల కొట్టు పెట్టుకున్నాడు.

రిటైరయ్యాక ఇసోగాయ్ ఆ నక్కను మళ్లీ ఆడారు. మర్నాడే నల్ల సూటులో కొట్టు ముందు వంగారు. కురాతా సైకిలును కారుతో గుద్ది, క్షమాపణకు వచ్చారనుకున్నారు వీధిలోవాళ్లు.

"మూడు కాదండీ, మూడున్నర. నా పొరపాటు మన్నించండి."

ముప్పై ఏళ్లకు అర మార్కా అని కురాతాకు ఒళ్లు మండింది. అయినా కేకు తీసుకుని టీ పెట్టాడు.

ఇక ఏటా వసంతంలో ఇదే తంతు. ఒక ఏడు నాలుగున్నర అయింది. మరుసటి ఏడు, మూడో అంచెలో గొయ్యి అన్యాయమని పావు మార్కు కోశారు. కోసినందుకు ఇంకా పెద్ద పెట్టె తెచ్చారు. దూకి చూపిస్తానని కురాతా బయలుదేరితే, నక్క అదే గోతిలో పదకొండుసార్లు పడింది. తయారుచేసినవాడికి ఆడటం రావాలని ఎక్కడా లేదని అతను దబాయించాడు.

ఈ ఏడు కురాతా కళ్లకు శుక్లాలు ముదిరాయి. చేసిన తాళంచెవి ఒక్కటీ పట్టడం లేదు. ఆపరేషన్ చేయించుకోకపోతే చూపు దక్కదన్నారు. భార్య పోయిన ఇంట్లో చూడ్డానికేముందని వాయిదా వేస్తూ వచ్చాడు.

వసంతంలో ఒక పొద్దున ఇసోగాయ్ భార్య ఫోన్ చేసింది.

"మీ కళ్ల సంగతి విన్నప్పట్నుంచి ఆయన సరిగా తినట్లేదండీ. అందుకే చెప్పేస్తున్నా. మీ ఆటకి ఆయన మీ దగ్గరికి వచ్చిన మొదటి ఏడాదే పది వేసి నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఏటా ముందు కేకు కొంటారు, తర్వాత తప్పు వెతుకుతారు. పది ఇచ్చేస్తే మళ్లీ ఏ వంకతో వెళ్లేదే అంటారు."

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో ఇసోగాయ్ వంగి ఉన్నారు. కురాతాకు నవ్వొచ్చింది. అది దాచుకుని ఈసారి ఎంతని అడిగాడు.

"ఏడు. కానీ ఆ గొయ్యి మాత్రం ఘోరమండీ."

"అది వచ్చే వసంతంలో తేల్చుకుందాం. నాకు కళ్లు కనపడాలిగా. ఆసుపత్రి నంబరు ఆ గోడ మీదుంది, చదివి పెట్టండి."

ఇసోగాయ్ కంగారులో రెండో అంకె తప్పు చదివారు. వెంటనే మళ్లీ నడుం వంచారు.