పళ్ళపొడి పాట

మొన్న విజయవాడలో మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే, ఎవరో లవంగనూనె సీసా మూత తీశారు. ఆ వాసన తగిలిందో లేదో, చేతిలోని మందుల చీటీ సంగతి మరిచిపోయి, నందిగామలో మా తాతయ్య ఇంటి నూతి గట్టు దగ్గర, అరచేతిలో గులాబీరంగు పళ్ళపొడి పోసుకుని నిలబడ్డ చిన్నపిల్లనైపోయాను. లవంగం, పచ్చకర్పూరం, కాస్త ఉప్పు కలిపిన ఆ పొడిని జగ్గయ్యపేటలో ఒక కొట్టాయన చేసేవాడు. దానికి పాట కట్టింది మా కరుణ పిన్ని.

పిన్ని అమ్మకి ఆఖరి చెల్లెలు. కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు. టైపు నేర్చుకుంటానని వెళ్ళి మానేసింది, కుట్టుమిషను పట్టి దాని చప్పుడుకి తాళం వేసుకుంటూ జాకెట్టు చేతులు తిరగేసి కుట్టి అమ్మచేత చివాట్లు తింది. కల్లాల్లో మిరపకాయలు ఎండి ఊరంతా తుమ్ముతూ ఉండే వేసవిలో, మేం ముంజెకాయల బళ్ళు తోసుకుంటూ వీధులు తిరుగుతుంటే తనూ మాతోనే తిరిగేది. తను కుదురుగా చేసింది ఒక్కటే, క్రిస్మస్‌కి మాచేత నాటికలు ఆడించడం. తాతయ్య బడిపంతులు, చర్చిలో హార్మోనియం వాయించే సంఘపెద్ద. ఇంట్లో రేడియో వార్తలకే. సినిమా పాట మొదలైతే చెయ్యి చాచి కట్టేసేవాడు. పిన్ని మళ్ళీ ఏ పనైనా పట్టి నడిమధ్యలో వదిలేసిందంటే హాస్టల్లో వార్డెనుగా పంపేస్తానని తేల్చి చెప్పేశాడు. నాలుగ్గోడల మధ్య గంట కొట్టుకుంటూ కూర్చోవడమంటే పిన్నికి ప్రాణం పోయినట్టే.

సరిగ్గా అప్పుడే, మా నాటిక చూసిన ఆ కొట్టాయన, మైకు కట్టిన రిక్షాలో వేసి ఊళ్ళు తిప్పడానికి ఒక పాట కావాలన్నాడు. పిన్ని ఎగిరి గంతేసింది. మధ్యాహ్నం తాతయ్య చర్చి పని మీద వెళ్ళాక తలుపులు బిగించి, కొట్టాయన పంపిన టేపురికార్డరు మంచం మీద పెట్టి, నన్నూ తమ్ముణ్ణీ గోడకి ఆనించి నిలబెట్టింది. చెమటలు కారుతున్నా వదల్లేదు. "నవ్వుతా పాడండ్రా, నవ్వు టేపులో వినిపిద్ది," అనేది. 'తోమితే తెల్లన, నవ్వితే చల్లన' అని మేం ముగించేసరికి పెరట్లో కాకి కావ్‌మంది. చెరిపేద్దామన్నాను నేను. దానిక్కూడా పళ్ళపొడి కావాలేమో, ఉండనీ అంది పిన్ని.

పాట కుదిరింది. కానీ సినిమా పాట వినని ఇంట్లో పుట్టిన మనిషికి రాగాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? తెలిసినవల్లా చర్చిలో పాడే కీర్తనల రాగాలే. అందులో ఒకటి పట్టి పళ్ళపొడికి తొడిగేసింది. అది తప్పని తనకీ తోచలేదు, మాకూ తోచలేదు.

రిక్షా చిల్లకల్లు, వీరులపాడు తిరిగి, ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొస్తున్న వేళకి మా చర్చి ముందుకొచ్చింది. మైకులో రాగం మొదలవగానే ముందు నడుస్తున్న మామ్మ ఒకావిడ కీర్తనేననుకుని అలవాటుగా నెత్తిన కొంగు కప్పుకుంది. ఆ తరవాత పళ్ళపొడి మాటలు వినబడ్డాయి. ఆఖర్న కాకి అరిచింది. కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. తాతయ్య ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చేశాడు.

ఆ పూట అన్నాలు ఎవరికీ సయించలేదు. పిన్ని వసారాకీ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉంది, నేను తన వెనకాలే తిరిగాను. వార్డెను ఉద్యోగం ఖాయమని అమ్మ అప్పుడే ట్రంకుపెట్టె దించింది. తాతయ్య పొద్దువాలేదాకా హార్మోనియం ముందే కూర్చుని, చివరికి పిన్నిని పిలిచి, ఆ హార్మోనియాన్ని పిన్నివైపు జరిపాడు.

"అవి దేవుడి రాగాలమ్మాయ్, వాటి జోలికెళ్ళమాక. నీక్కావాలంటే నీ రాగం నువ్వే కట్టుకో."

పిన్ని ఏడ్చింది. ఆ వారమంతా హార్మోనియం మీద తన వేళ్ళు ఆగలేదు. అవే మాటలకి కొత్త రాగం కట్టింది, కాకిని మాత్రం అలాగే ఉంచింది. తరవాత పత్తి విత్తనాలకీ, గొడుగులకీ పాటలు కట్టింది. వీడియో కెమెరాలు వచ్చాక పాటకి బొమ్మ కూడా కావాలని, చీరల కొట్టువాళ్ళ ఆడపిల్లల్ని మునేరు ఒడ్డున పరిగెత్తించి తీసింది. ఎక్కే బస్సు, దిగే బస్సుగా ఉండేది తన బతుకు.

తాతయ్య మంచం పట్టినప్పుడు పిన్ని వచ్చినా, గదిలో ఒక్కచోట కూర్చోలేకపోయేది. ఒక సాయంత్రం తాతయ్య కళ్ళు మూసుకుని మంచంపట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ కూనిరాగం తీస్తున్నాడు. కీర్తన అనుకుని అమ్మ కొంగు కప్పుకుంది. గుమ్మంలో ఉన్న పిన్ని మటుకు గబగబా వచ్చి మంచం అంచున కూర్చుంది. అది పళ్ళపొడి రాగం, తను కట్టింది. తాతయ్య చివరిదాకా పాడి ఆగాడు. పిన్ని మెల్లగా "కావ్" అంది. తాతయ్య కళ్ళు తెరవకుండానే నవ్వాడు.

ఆ పళ్ళపొడి కొట్టు ఇప్పుడు లేదు. మైకు రిక్షాలు లేవు. ఆ క్యాసెట్టు మీద మా ఇంట్లోనే ఎవరో ప్రసంగం రికార్డు చేసేశారు. పోయినేడు పిన్ని కూడా వెళ్ళిపోయింది. మందుల షాపు దగ్గర నిలబడి ఆ రాగం మొత్తం లోలోపలే పాడుకున్నాను, ముగించాక కాసేపు ఆగాను. కావ్ అనడానికి ఎవరూ లేరు.