ఈకల టోపీ వద్దన్నందుకు

ఢిల్లీలో నేను పనిచేసే విశ్వవిద్యాలయంలో గిరిజన విద్యా కేంద్రం పెట్టినప్పుడు దాని బాధ్యత నాకు అప్పగించారు. నా చదువు చూసి కాదు, అనుభవం చూసీ కాదు. అధ్యాపకుల్లో కోయ మనిషిని నేనొక్కదాన్నే. మూడో అంతస్తు చివర, విరిగిన కుర్చీలు పడేసే గదిని మాకిచ్చారు. తలుపుకి బోర్డు తగిలించిన రోజే ఫొటో తీసి వెబ్‌సైట్‌లో పెట్టారు. లోపలి కుర్చీలు తీయించడానికి మాత్రం నేను పదిసార్లు తిరగాల్సి వచ్చింది.

అయినా ఉత్సాహంగానే మొదలుపెట్టాను. మయూర్ విహార్ నుంచి మెట్రోలో వస్తూ నోటుపుస్తకంలో పాఠ్యప్రణాళిక రాసుకునేదాన్ని. నేను కోరింది పెద్ద విషయమేమీ కాదు. ఇంట్లో కోయ, గోండీ, సంతాలీ, కురుఖ్ మాట్లాడే పిల్లలు, తాము చదివే సబ్జెక్టును ఒక్క సెమిస్టరు తమ భాషలో చెప్పగలగాలి. వాళ్ల ఊళ్ల పెద్దవాళ్లు వచ్చి కొన్ని పాఠాలు చెప్పాలి. అంతే.

ఇది నాకెందుకంత ముఖ్యమో చెప్పాలి. మాది భద్రాచలం అవతల అడవిలో చిన్న ఊరు. ఆరేళ్లకే ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఒకరోజు జ్వరంతో పడుకుని కోయలో నీళ్లడిగాను. పంతులుగారు గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తెలుగులో అడిగేదాకా ఇవ్వలేదు. నాకు ఆ మాట రాదు. పక్కనున్న పిల్ల చెవిలో చెబితే అన్నాను, అప్పుడు ఇచ్చారు. తర్వాత తెలుగు బాగానే వచ్చింది, ఇష్టం కూడా కలిగింది. ఇది తెలుగులోనే రాస్తున్నాను కదా. కానీ ఆ పంతులుగారి మీద కోపం ఇప్పటికీ పోలేదు.

మా డీన్ కోస్తా నుంచి వచ్చిన తెలుగాయన. పరిచయమైన రోజే, "మీ తెలుగు ఎంత చక్కగా ఉందమ్మా! ఏజెన్సీ అంటే ఎవరూ నమ్మరు" అన్నారు, మెచ్చుకుంటున్నాననుకుని. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు అలా నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ పాఠ్యప్రణాళికతో డీన్‌గారికి పంపిన ఫైలు రెండు నెలలకు తిరిగొచ్చింది. "ఈ భాషలకు లిపి లేదు. పాఠ్యపుస్తకాలు జతచేయగలరు" అని రాసుంది. సంతాలీకి సొంత లిపి ఉందని, రాజ్యాంగం గుర్తించిన భాషల్లో అదీ ఒకటని, ఇది తెలియకుండా ఫైలు తిప్పి పంపడం విశ్వవిద్యాలయానికి గౌరవం కాదని జవాబు రాశాను. ఈసారి "పరిశీలనలో ఉంది" అన్నారు. ఆ పరిశీలన ఏడాది సాగింది.

చలికాలంలో డీన్‌గారు పిలిపించారు.

"చూడమ్మా, పైనుంచి తనిఖీ టీమ్ వస్తోంది. మన ట్రైబల్ పిల్లలచేత ఒక వెల్‌కమ్ డాన్స్ చేయిద్దాం. పది నిమిషాలు చాలు."

"సార్, నా ఫైలు ఏడాదిగా మీ దగ్గరే ఉంది."

"అచ్ఛా, అది వేరు, ఇది వేరు. డ్రెస్సులు కూడా మాట్లాడేశాను. ఇదిగో శాంపిల్."

బల్ల మీద సంచిలోంచి రంగురంగుల ఈకల టోపీ, ఆకులు అచ్చువేసిన నైలాన్ లంగా, చెక్క బల్లెం తీశారు. నేను పుట్టి పెరిగిన చోట అలాంటిది ఎవరి ఒంటి మీదా చూడలేదు.

"ఇది ఏ తెగ వాళ్లది సార్?"

"జనరల్ ట్రైబల్ అమ్మా."

పిల్లల తరఫున నేను కాదనడం పద్ధతి కాదని టోపీ తీసుకెళ్లి వాళ్లకే చూపించాను. వాళ్లలో ఒకమ్మాయిది మా అడవికి అవతల సుక్మా వైపు, మూడో ఏడాది స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఢిల్లీలో నాతో కోయలో మాట్లాడే మనిషి ఆ పిల్లే. టోపీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, మనం విత్తనాలు చల్లేముందు భూమి పండుగకి ఆడతాం. వీళ్లెవరో వస్తే మనకేం పండుగ?" అంది. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "డాన్స్ చేయం. క్లాసు చూస్తామంటే రమ్మనండి" అని అందరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు.

డీన్‌గారు ఆ కాగితం చదివి ముఖం గంటు పెట్టుకున్నారు. "ఇంత చిన్నదానికి సంతకాలా? పిల్లల్ని మీరే రెచ్చగొడుతున్నారు."

"నేను రెచ్చగొట్టక్కర్లేదు సార్, వాళ్లకీ కళ్లున్నాయి."

"ఠీక్ హై, వదిలేయండి."

నిజంగానే వదిలేశారనుకున్నాను.

టీమ్ వచ్చిన రోజు ఆడిటోరియంలో నా పక్కన నా విద్యార్థులు కూర్చున్నారు. తెర లేచింది. డాన్స్ క్లబ్ పిల్లలు ముఖాలకీ చేతులకీ ముదురు గోధుమరంగు పూసుకుని, ఈకలు పెట్టుకుని, బల్లేలు ఊపుతూ, అర్థంలేని కేకలు వేస్తూ గెంతుతున్నారు. మైకులో "మన గిరిజన విద్యార్థుల సంప్రదాయ స్వాగతం" అని ప్రకటించారు. సుక్మా అమ్మాయి తల దించుకుంది. ఎప్పుడూ తల దించని పిల్ల అది.

నేను లేచి నిలబడ్డాను. మైకు లేదు, గొంతే ఉంది. "వాళ్లు గిరిజన విద్యార్థులు కాదు. మా విద్యార్థులు ఇక్కడ కూర్చున్నారు. ఈ డాన్స్ చేయబోమని సంతకాలు పెట్టి ఇచ్చారు" అని హిందీలో అరిచినట్టే చెప్పాను. పాట ఇంకాసేపు మోగి ఆగింది. ముందు వరుసలోంచి టీమ్ పెద్ద, జుట్టు నెరిసిన ఒకావిడ, వెనక్కి తిరిగి, "కూర్చోండి. మీ గదికి నేను వస్తాను" అంది.

అన్నట్టే మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చింది. సుక్మా అమ్మాయి సర్వేకి నమూనా ఎలా తీస్తారో ముందు కోయలో, తర్వాత హిందీలో చెప్పింది. గంపలో ధాన్యమంతా ఒలకబోయకుండా పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి గుప్పెడు తీసి చూస్తాం కదా, అలా అని.

"ఇది నీకు ఎవరు నేర్పారు?" అని ఆవిడ అడిగింది.

"ఎవరూ నేర్పలేదు మ్యామ్. నేనేం చదువుతున్నానని అమ్మ ఫోన్లో అడిగింది. ఆమెకి చెప్పడానికి తయారుచేసుకున్నా."

నెల తిరిగేసరికి నా కోర్సుకి అనుమతి వచ్చింది. శనివారం మధ్యాహ్నాలు, మార్కులు లేకుండా. అదే ఉత్తర్వులో, నా పనిభారం తగ్గించే ఉద్దేశంతో, నన్ను కేంద్రం బాధ్యతల నుంచి తప్పించారు. కొత్త బాధ్యుడు డాన్స్ క్లబ్ నడిపే అధ్యాపకుడు.

డీన్‌గారిని అడిగాను, నేను చేసిన తప్పేమిటని.

"తప్పని కాదమ్మా. మీరు ఎమోషనల్ అయిపోతారు. ఇలాంటివి బ్యాలెన్స్‌డ్‌గా చేయాలి."

"ముఖానికి రంగు పూయించింది మీరు సార్. ఎమోషనల్ నేనా?"

ఆయన ఫోన్ తీసుకుని ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టారు. నేను బయటికి వచ్చేశాను.

శనివారం క్లాసు మానలేదు. బాధ్యతలు లేకపోయినా పాఠం చెప్పకూడదని ఎవరూ రాయలేదు కదా. అతిథిగా మొదట సుక్మా అమ్మాయి తల్లిని పిలుద్దామన్నాం. విత్తనాల గురించి, నేల రకాల గురించి ఆమెకి తెలిసినంత మాలో ఎవరికీ తెలియదు. దరఖాస్తులో విద్యార్హత గడి ఖాళీగా ఉందని కొత్త బాధ్యుడు తిప్పి పంపాడు. రెండోసారి పంపితే, డిగ్రీ లేనివాళ్లను అధ్యాపకులుగా పిలిచే నిబంధన లేదన్నాడు.

ఆమె నిబంధన కోసం ఆగలేదు. కూతురు టికెట్ తీసింది, రైలెక్కి వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా రిజిస్టరు ముందుకు తోసి, ఎందుకొచ్చారో రాయమన్నాడు. అందరూ రాసినట్టు "కూతుర్ని చూడటానికి" అని రాసేయమని కూడా సలహా ఇచ్చాడు. అమ్మాయి పెన్ను తీసుకుని, "పాఠం చెప్పడానికి" అని హిందీలో రాసి, తల్లి చేత కింద వేలిముద్ర వేయించింది.