ఆరిపోని పచ్చ చుక్క

రేవులోని వైర్‌లెస్ గదిలో ఆవిడని అందరూ పాముచెవులక్క అనేవారు. నౌకాదళం ఓడల నుంచి వచ్చే మోర్సు టకటకలు వింటూ, అటువైపు మీట నొక్కుతున్నది ఎవరో ఇట్టే చెప్పేసేది. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి తనే పెంచి ఆ కొలువులో పెట్టింది. వాడు గస్తీ ఓడలో మీట దగ్గర కూర్చునేవాడు. సాయంత్రం "అంతా క్షేమం" అని పంపాక చివర్లో రెండు నొక్కులు అదనంగా వేసేవాడు. "తిన్నావా అక్కా" అని దానర్థం. తిన్నానని ఈవిడ ఒక్క నొక్కు తిరిగి వేసేది. రూల్సు ఒప్పవు. పెద్దాఫీసరుకీ తెలుసు, ఆ వేళకి కాస్త గట్టిగా దగ్గి ఊరుకునేవాడు. ఆయన కడుపు చల్లగుండ.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఓడలన్నిటినీ ఒక్క నెట్‌వర్కులో కలిపారు. గోడంత తెర మీద ఒక్కో ఓడకీ ఒక్కో పచ్చ చుక్క. మీటలు బీరువాలోకి పోయాయి. సెలవుకొచ్చిన తమ్ముడు వేళాకోళమాడాడు, ఇక నిన్ను తిన్నావా అని అడిగే దిక్కు లేదు, వేళకి నువ్వే తిను అని. ఆవిడ వాడి నెత్తిన మొట్టింది. లోపల మాత్రం సంతోషమే. రెప్ప వాల్చని దేవుడిలా ఆ చుక్క వాణ్ణి కనిపెట్టుకుని ఉంటుందనుకుంది.

గాలివాన రేగిన రోజు సాయంత్రం ఆవిడ రేడియోలో ఓసారి పిలుద్దామా అనుకుంది. పనిలో ఉన్నవాళ్లని కదపడమెందుకు, చుక్క వెలుగుతోందిగా అని సర్దుకుంది. ఆ తెరని నడిపే కంప్యూటరాయన తన గొడుగు ఆవిడ చేతికిచ్చి, "పచ్చగానే ఉంది కదక్కా. నేను చూస్తుంటాను, వెళ్లి తినిరండి" అన్నాడు.

తినొచ్చింది.

ఓడ మధ్యాహ్నమే మునిగింది. కొత్త కబురు రాకపోతే ఆ చుక్క పాత కబురునే చూపిస్తూ ఉంటుందన్నది ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తెల్లారి వెతికితే దొరికినవాళ్లలో ఓడ వంటవాడున్నాడు. తమ్ముడు లేడు.

కంప్యూటరాయన ఆవిడ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆవిడే లేవదీసి నీళ్లిచ్చింది. కబురు ఆగితే చుక్క కూడా ఆరిపోయేలా చెయ్యి నాయనా అని మాత్రం అడిగింది. చేశాడు.

వంటవాడు ఒంటి మీద కట్లతోనే ఇంటికొచ్చి, చెప్పాలా వద్దా అని గుమ్మంలో చాలాసేపు తటపటాయించాడు. చీకటి పడేదాకా ఇద్దరూ ఒకే చెక్క పట్టుకుని తేలారట. చేతులు పట్టు తప్పుతున్నా తమ్ముడే ధైర్యం చెబుతూ వచ్చాడట.

"మా అక్క ఈపాటికి కనిపెట్టేసుంటుంది. నా సడి వినకపోతే అక్కకి ముద్ద దిగదు, అన్నాడండీ."

ఆవిడ దూరం నుంచి వచ్చినవాడని కూర్చోబెట్టి కంచం పెట్టింది. వాడు చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"మరి మీరు తిన్నారా అక్కా?"

"తిన్నాను నాయనా," అంది. "ఆ సాయంత్రం తిన్నాను."