ఒక్క పేరే ఉన్న రాయి

పుంగనూరు హవల్దారు పోయాడన్న కబురు నాకు వాళ్ల ఇంటివాళ్లు చెప్పలేదు. ఒక లీడరు మనిషి ఫోన్ చేసి చెప్పాడు. "హవల్దారు పోయినాడంటప్పా. ఒక రాయి కొట్టల్ల. పైన మా అన్న పేరు పెద్దగా పడల్ల." అప్పటికి పాడె కూడా లేవలేదు. "మీ అన్న సచ్చినప్పుడు సెప్పు, ఇంగా పెద్దగా కొడతా" అని పెట్టేశాను. తప్పు మాటే. వెనక్కి తీసుకోను.

నేను కుప్పంలో రాళ్లు చెక్కేవాణ్ణి. చదువు మూడో తరగతితో సరి. పెయింటరు బండ మీద అక్షరాలు గీసిస్తే ఉలితో తవ్వుతాను. బోరు వేసినా, బడికి గోడ కట్టినా ఒక శిలాఫలకం కావాలి వీళ్లకు. బోరు సంగతి ఒక వరస, నాయకుల పేర్లు తొమ్మిది వరసలు. బోర్లన్నీ ఎండిపోయాయి. పేర్లకు మాత్రం ఏమీ కాలేదు.

హవల్దారు సైన్యం నుంచి వచ్చాక పెన్షను తింటూ అరుగు మీద కూర్చోలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కల ఎవరి బిడ్డ సరిహద్దులో చనిపోయినా ఆ ఇంటికి వెళ్లేవాడు. ఓదార్పు మాటలు ఆయనకు రావు. కాగితాలు నింపి ఆఫీసుకు తీసుకుపోయేవాడు. గుమాస్తా రేపు రమ్మంటే, "ఈడనే ఉంటా సార్, మీరు ఇంటికి పోయి రాండి" అని తలుపు దగ్గర నిలబడేవాడు.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాది నిమ్మనపల్లె పక్క ఒక రైతు కొడుకు పోయాడు. శవపెట్టె వచ్చిన రోజు లీడరు ఏడ్చాడు, ఫొటో తీసేదాకా. కూడలిలో రాయి పెట్టిస్తానన్నాడు. ఆ పని నాకే వచ్చింది. నేను అలవాటు కొద్దీ పైనుంచి మొదలుపెట్టాను. ముందు లీడరు పేరు, తర్వాత 'వారి అమృత హస్తములచే'. చచ్చిపోయిన పిల్లవాడి పేరు అడుగున, అంగుళం అక్షరాల్లో.

హవల్దారు మొదటి బస్సుకే వచ్చి నా షెడ్డు దగ్గర దిగాడు. టీ ఇస్తే నిలబడే తాగాడు. రాయి చూశాడు.

"సచ్చింది ఎవురప్పా?"

"పిల్లోడే గదా సార్."

"మరి ఈ అమృత హస్తాలు ఎవురివి? తుపాకి పట్టినాయా?"

లీడరు మనిషి అక్కడే ఉన్నాడు. "పెద్దాయనా, కూడలిలో జాగా ఇచ్చేది మా అన్న. పేరు లేకుంటే జాగా లేదు."

"మీ జాగా మీరే పెట్టుకోండి. పండుకునేకి పనికొస్తాది."

వాడు నావైపు తిరిగాడు. "సూసుకో, ఇంగ మా పని నీకు రాదు."

నాకు భయమేసింది, దాచేదేముంది. హవల్దారు నన్ను బతిమాలలేదు. "వాని పేరు, వాని ఊరు. అంతే. నా పేరూ వద్దు. లోతుగా కొట్టు. వాళ్లమ్మకు సదువు రాదు, తడుముకుంటాది" అన్నాడు. కొత్త బండ తీశాను. ఆ తర్వాత మూడేండ్లు లీడర్ల పని నా షెడ్డు తొక్కలేదు. పీడ పోయింది.

ఆ రాయిని తండ్రి తన చెనిక్కాయల చేనులోనే, గట్టు పక్కన పాతుకున్నాడు. కూడలిలో ఇప్పుడు లీడరు పేరుతో బస్ షెల్టరు ఉంది. వానొస్తే జనం బయటే నిలబడతారు. లోపలే ఎక్కువ కారుతుంది.

ఒకసారి హవల్దారును అడిగాను, "నీకెట్లా రాయి కొట్టల్ల సార్?" అని. "నేను మంచం మీద సస్తా. నాకు యాల రాయి?" అని కసురుకున్నాడు. ఆ మాట తెలిసినవాణ్ణి గనకే ఆ ఫోన్ పెట్టేశాను.

ఏటా పిల్లవాడు పోయిన రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ చేనికి వెళ్లి, సెల్యూట్ కొట్టి, మాట్లాడకుండా బస్సెక్కేవాడు. ఈసారి నేను వెళ్లాను. తండ్రి కలుపు తీస్తున్నాడు.

"ఆయప్ప రాలేదా?"

"పోయినాడప్పా."

ముసలాయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, మన్ను చేతిని పంచెకు తుడుచుకుని, రాయి ముందు నిటారుగా నిలబడి ఆ చేతిని నొసటికి ఎత్తాడు. ఎప్పుడు దించాలో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు.