బాపు చూడని ఏడో ముక్క

ఇరవై రెండేండ్ల వయసుల లోకమంతా మన మాట కోసమే చెవులు రిక్కించుకొని కూసున్నదనుకుంటం. నేను గట్లనే అనుకున్న. కరీంనగర్‌ల దోస్తు గదిల కిటికీకి దుప్పటి కట్టి, ఎనిమిది ముక్కల ఆల్బం రికార్డు చేసిన. పాట లేదు, డప్పు లేదు, ఉత్త మాటలే. మొదటి ముక్కల బాపు, అంటే మా నాయిన, చిన్న పిలగాడు, బట్ట నేసే సాంచెల కార్ఖానాల కాలువెడతడు. ఆఖరు దాకా ఆయన కథనే. (నన్ను కన్న అవ్వ అన్నది: "పాట లేని ఆల్బం ఎవలింటరే? వార్తలా అవి?")

అసలు సంగతి ఏడో ముక్కల ఉన్నది. ముప్పై ఏండ్లు సాంచెల చప్పుడుల నిలవడి బాపు చెవులు పోయినయ్, అందుకే ఏం మాట్లాడినా అరుస్తడు. నేను కాలేజీల ఉన్నప్పుడు హాస్టల్ గేటు కాడికొచ్చి నా పేరు వాడంత ఇనవడేటట్టు పిలిచిండు. "ఎవలే ఆయన?" అన్నరు దోస్తులు. "నాకేం ఎరుక" అన్న. ఎనుక గేటు నుంచి ఉరికిన. గా మాటకు మాఫీ అడుగుదామనే గింత ఆల్బం. ఎదురుంగ ఒక్క మాట అడిగే ధైర్యం లేక ఎనిమిది ముక్కలు చేసిన! నా అంత పిరికిది జిల్లాల దొరకది.

తీరా అంత తయారైనంక యాదికొచ్చింది, బాపుకు ఇనవడదని. (నవ్వుండ్రి, నవ్వుండ్రి. నేనైతే మూడు దినాలు అన్నం తినలే.) అవ్వనే చెప్పింది: "కార్ఖానాకు పోయి చెప్పు. ఆడ అందరు మూతులు చూసే మాట్లాడుకుంటరు."

పోయిన. సాంచెలు ఆపరు గదా, నడుస్తనే ఉన్నయ్. వాటి నడుమ నిలవడి, చెవులల్ల నా రికార్డింగే పెట్టుకొని, దానెంబడి మూతి ఆడించిన. పక్క సాంచె మీద పెద్దనాయిన నా చెవుల ఒర్లిండు: "జర పెద్దగ తెరువ్ బిడ్డా, సగం మాటలు మింగుతున్నవ్!" మూడో ముక్కకు బాపు నవ్విండు. ఐదోదానికి తువ్వాలతోని కండ్లు తుడుసుకున్నడు. నా పానం లేచొచ్చింది.

ఏడోది మొదలైంది. అప్పుడే బాపు సాంచె మీద పోగు తెగింది. అటు మలిగి, వంగి, పోగు అతుకుడు పెట్టిండు. రికార్డు ఆపొచ్చు గదా అంటరు. ఆపితే మళ్ల మొదలువెట్టే దమ్ము నాకు లేదు. మాఫీ అంత ఆయన వీపుకే చెప్పిన. ఆయన ఇటు తిరిగేసరికి ఎనిమిదోది నడుస్తున్నది.

పొద్దుగూకి బువ్వ తినుకుంట అడిగిండు: "మంచిగున్నది బిడ్డా. నడుమ పోగు తెగి ఒక ముక్క చూడలే. ఏం చెప్పినవ్?" నా మూతి దిక్కే చూస్తుండు, రెప్ప కొట్టకుంట.

"ఏం లేదు బాపూ, ఉత్తదే."

"ఉత్తదైతే మీ పెద్దనాయిన ఎందుకేడ్సిండు?"

నేను నీళ్లు తెస్తనని లేచిన.

ఇప్పుడు చెన్నూరు నుంచి హుజూరాబాద్ దాకా స్టేజీలెక్కి చెప్తున్న. అన్నిటికంటే ఏడో ముక్కకే చప్పట్లు ఎక్కువ. కిందికి దిగినంక నన్ను చూస్తే నాకే నవ్వొస్తది. ఊరందరి ముందట చెప్పుకున్న, ఆయన ముందట ఇంకా చెప్పలే.