ఖాళీ బండికి దారం కట్టిన రోజు

గుంటూరులో నాకంటూ ఒక షెడ్డు ఉండేది. అరవయ్యో దశకం మొదట్లో, ముందు చక్రాలు వంకరపోయిన కారంటే నా దగ్గరికే రావాలి. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ఉన్నమాటే. చక్రాలు సరిచేసే మిషన్లు మాకెక్కడివి? చీరాల నేతగాళ్ళు పడుగుకి వాడే గంజి దారం తెచ్చుకుని, కారు పొడవునా రెండు పక్కలా బిగించి కట్టి, దారానికీ చక్రం అంచుకీ మధ్య సందు స్కేలుతో కొలిచేవాణ్ణి. ఆ దారం సాగదు.

మా అక్క మొగుడికి కార్ల పందెం పిచ్చి. మద్రాసు అవతల పాత విమానాల మైదానంలో పందేలు పెడుతున్నారని విని, తన చిన్న కారుని నా షెడ్డుకి తోలుకొచ్చాడు. నలభై దాటిన మనిషి. ఈ ఒక్కసారి తోలి చూస్తాను, కుదరకపోతే జన్మలో మళ్ళీ ఆ మాట ఎత్తను అన్నాడు. నేను రెండు రోజులు వేరే బండి ముట్టుకోకుండా దాని మీదే కూర్చున్నాను.

వెళ్ళేదెలాగూ మద్రాసే కదా అని డిక్కీలో రెండు మిరపకాయ బస్తాలు, వెనక సీట్లో ఒకటి ముందే వేసి ఉంచాం. మా వైపు కారు ఖాళీగా రోడ్డెక్కడం ఎవరూ చూసి ఉండరు. సింగరాయకొండ దాటి మద్రాసు దాకా బండి గీత గీసినట్టు నడిచింది. దారి పొడవునా ఇద్దరికీ ఒకటే తుమ్ములు, అయినా నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఊళ్ళో బస్తాలు దించేసి మైదానానికి వెళ్ళాం. పొద్దున ప్రాక్టీసులో రెండో మలుపు దగ్గర బావ స్టీరింగు తిప్పితే కారు తిరగలేదు. తిన్నగా జారి గడ్డిలోకి పోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. పందెం నడిపే పెద్దమనిషి వచ్చి, సాయంత్రం ఇంకొక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడూ రోడ్డు అంచు దాటితే రేపు పందెంలోకి రానివ్వననీ చెప్పాడు. పక్కనున్న మద్రాసు మెకానిక్కు ఒకడు, లోపం బండిది కాదు, తోలే చేతిదని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదికి వెళ్ళబోతే బావ రెక్క పట్టుకుని ఆపాడు.

"వాడన్నది నిజమేరా. వయసైపోయింది నాకు. పద, ఇంటికి పోదాం."

నేను వంగి ముందు టైరు మీద చెయ్యి వేశాను. బయటి అంచు గరుకుగా ఉంది, రబ్బరు పొడి రాలుతోంది. రెండోదీ అంతే. అంటే ముందు చక్రాలు రెండూ లోపలికి తిరిగి, రోడ్డుని పట్టుకోకుండా గీరుకుంటూ పోతున్నాయి. స్వయంగా కొలిచినవాణ్ణి, ఇదెలా జరిగింది? అప్పుడు వెలిగింది. షెడ్డులో కొలిచినప్పుడు బస్తాలు బండిలోనే ఉన్నాయి! మా దగ్గర ప్రతి కారూ బరువుతోనే వస్తుంది, బరువుతోనే కొలుస్తాం, అలవాటు. వెనక బరువుకి ముందు భాగం లేచి ఉన్నప్పుడు తిన్నగా ఉన్న చక్రాలు, బస్తాలు దించి అది కిందికి వాలేసరికి తిరిగిపోయాయి.

తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు, మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం ఒప్పుకున్నాను.

"నీ చేతిది కాదు బావా, తప్పు నాది. బస్తాలుంచి కొలిచాను. రెండు గంటలు కదలకుండా సీట్లో కూర్చో."

ఇక ఆ బండి మొయ్యబోయే బరువు ఆయనొక్కడే కదా. ఆయన్ని కూర్చోబెట్టి దారం కట్టాను. స్టీరింగు రాడ్డు పావు చుట్టు తిప్పడం, బండిని కాస్త ముందుకీ వెనక్కీ నెట్టి చక్రాల్ని సర్దుకోనివ్వడం, మళ్ళీ కొలవడం. మద్రాసు మెకానిక్కులు చుట్టూ చేరి నా దారాన్ని చూసి ఇకిలించారు. ఇకిలించుకోండి, నాకేం?

సాయంత్రం రెండో మలుపులో టైర్లు రోడ్డుని కరిచి పట్టుకున్నాయి. మొదటి చుట్టూ అంతే, రెండోదీ అంతే. మూడో చుట్టులో, మేం నిలబడ్డ చోటికి తిన్నని దారి మీద వస్తూ, ఆ మహానుభావుడు స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ ఎత్తేశాడు. బండి మాత్రం రవ్వంత కూడా పక్కకి పోలేదు.

దిగగానే అందరి ముందూ తిట్టాను, చేతులెందుకు వదిలావని. ఆయన ఆ మెకానిక్కుల వైపు చూసి, వాళ్ళకి వినపడేలా అన్నాడు:

"మా బావమరిది పట్టుకున్నాడుగా. మళ్ళీ నేనెందుకు పట్టుకోవడం?"