బెల్టుకెక్కించని తూటాలు

మధ్యాహ్నం రెండుంబావుకు సరిహద్దు పోస్టు చేరాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. వీపు మీద ముప్పై కిలోలు. మూడు బంకర్లు, మోకాలి లోతు మంచు, ఆగని గాలి. సుబేదార్ సాబ్ నా కాగితం చూసి, "సిద్దిపేటలో మీవాళ్లు ఏం చేస్తారు?" అని హిందీలో అడిగారు. హార్డ్‌వేర్ దుకాణం, అన్నాను. "అయితే కోత్ నీదే" అని తాళంచెవి చేతిలో పెట్టారు. కోత్ అంటే ఆయుధాలు, తూటాలు పెట్టే గది. నట్లూ బోల్టులూ తప్పించుకుందామని సైన్యంలో చేరినవాణ్ణి, అంత ఎత్తెక్కి మళ్లీ దుకాణంలోనే కూర్చున్నాను.

ఆ చలికాలం ఒక రైఫిల్ పరీక్షకు వచ్చింది. బయట మార్కెట్లో అమ్మే రకం. రెండు వారాలు కాల్చి చూసి కిందికి తీసుకుపోయారు. దాని తూటాలు రెండు పెట్టెలు, సుమారు నాలుగొందలు, నా దగ్గర మిగిలాయి. అట్ట మీద .308 అని, పక్కన కంపెనీ పేరు. మా మెషిన్‌గన్ తూటా పేరు 7.62x51. పక్కపక్కన నిలబెడితే కవలలే.

పేర్ల సంగతి ఇంతే. సైన్యం మిల్లీమీటర్లలో మాట్లాడుతుంది. 7.62 గొట్టం లోపలి వెడల్పు, 51 ఇత్తడి గుల్ల పొడవు. బయటి మార్కెట్ అంగుళాల్లో మాట్లాడుతుంది. .308 గుండు వెడల్పు. పేర్లే కాదు, లోపలి సరుకూ తేడా. సివిల్ గుల్ల పలచన, ఒత్తిడి ఎక్కువ. మా గన్ మంచులోనూ మట్టిలోనూ ఆగకుండా పేలాలని దానిలో తూటా కూర్చునే గదిని కాస్త వదులుగా చేస్తారు. మందపాటి మిలిటరీ గుల్ల ఆ వదులుకు ఓర్చుకుంటుంది. పలచటిది సాగి తెగుతుంది. దాని రైఫిల్‌లో అది బంగారం. మా గన్‌లో కాదు.

ఒక పొద్దున మంచు బరువుకు రెండో బంకర్ కప్పు కూలింది. లోపల మనుషులు లేరు, మెషిన్‌గన్ తూటాలున్నాయి. బయట మిగిలింది ఒకటిన్నర బెల్టు. మర్నాడు ఆరుగంటలకు ఆరుగురు సరుకు మోస్తూ ఎదుటి వాలు దాటాలి. అవతలి కొండ మీది శత్రువుకు ఆ వాలంతా కనిపిస్తుంది. దాటే నలభై నిమిషాలూ మా గనే ఆ ఆరుగురికీ కాపలా.

పదకొండింటికి సుబేదార్ సాబ్ ఆర్డర్: ఆ .308 పెట్టెలు బెల్టులకు ఎక్కించు.

గన్నర్ మా జిల్లావాడే, కోహెడ. చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"ఏందే సేటూ, రెండు ఒక్కతీరుగనే ఉన్నయ్ గదా. ఇయ్యి, నింపుకుంట."

"రెండున్నర సూతు బోల్టుకు, గదే అంగుళాల లెక్కదానికి, ఎనిమిది ఎమ్మెం నట్టు ఎన్నడన్న పెట్టినవా?"

"పెట్టిన. ట్రాక్టర్‌కు."

"ఎన్ని చుట్లు తిరిగింది?"

"రెండు. మూడో చుట్టుకు పట్టేసింది. సిద్దిపేట సేట్లనందర్ని తిట్టిన."

"గది ట్రాక్టర్. గిది నీ మొఖం ముందట పేలేది."

నేను తాళం వేసి చెవి లోపలి జేబులో పెట్టుకున్నాను. సుబేదార్ సాబ్ వచ్చి చెయ్యి చాపారు.

"చెవి ఇవ్వు."

"ఇవ్వను సాబ్."

"రేపు ఆ వాలు మీద మనవాళ్లకు ఏమైనా అయితే?"

"గన్ మధ్యలో ఆగిపోతే కూడా వాళ్లకే అవుతుంది సాబ్."

ఇరవై రెండేళ్ల సర్వీసు ఆయనది. నాది ఆరు. అయినా నోరు ఊరుకోలేదు. పుట్టింది బేరాల ఇంట్లో మరి. "సాబ్, పాత బ్యారెల్ వేసి గన్‌ను ఇసుక సంచుల మధ్య కడదాం. ట్రిగ్గర్‌ను దూరం నుంచి తాడుతో లాగుదాం. ఇరవై తూటాలు. అన్నీ సరిగా పేలితే బెల్టులు నేనే నింపుతా, నా చేతి మీది హోదా ఫీతీలు మీరే ఊడబెరకండి. ఒక్కటి తెగినా పోస్టంతా పారలు పట్టి రెండో బంకర్ తవ్వాలి."

"పది," అన్నారు.

"పదిహేను సాబ్."

ఆయన కళ్లలో కోపం, దాని వెనక నవ్వు. రేడియో ఆపరేటర్ కింది క్యాంపుకు చెప్పాడు: "వెనక నాలాలో టెస్ట్ ఫైర్. ఓవర్." "ఎందుకు? ఓవర్." ఆపరేటర్ నావైపు చూశాడు. "కోత్ నాయక్ బేరం పెట్టాడు. ఓవర్." కాసేపు గరగర. తర్వాత, "కానివ్వండి. అవుట్."

పన్నెండుంబావు. బండ వెనక బోర్లా పడుకున్నాం. తాడు నా చేతిలో. ఒకటి, రెండు, మూడు. బాగానే పేలాయి. ఏడు దాకా బాగానే పేలాయి. సుబేదార్ సాబ్ గడియారం చూసుకున్నారు. నాకు నా ఫీతీలు ఊడుతున్న చప్పుడు వినిపించింది.

ఎనిమిదోదానికి గన్ దగ్గింది. మూత పక్కనుంచి బూడిదరంగు పొగ చిమ్మింది. తొమ్మిదోది లోపలికి పోలేదు. మూత తెరిచాం. గుల్ల అడుగు తెగి బయటపడింది. ముందు సగం లోపల ఇరుక్కుపోయింది. గన్నర్ వంగి చూశాడు. పొగ చిమ్మినచోట రోజూ వాడి ముఖం ఉంటుంది. నా భుజం మీద చెయ్యి వేశాడు, తీయలేదు.

సుబేదార్ సాబ్ మొదటి పార తానే అందుకున్నారు. ఒంటిగంట నుంచి ఐదింటి దాకా తవ్వాం. నాలుగు పెట్టెలు బయటికి వచ్చాయి, మా 7.62x51. గన్‌కు మళ్లీ మంచి బ్యారెల్ బిగించాం.

ఆర్డర్ కాదన్నందుకు నా రికార్డులో శిక్ష కింద ఎర్ర సిరా ఎంట్రీ పడింది. సంతకం చేస్తూ సాబ్, "తప్పు తప్పే" అన్నారు. "అవును సాబ్, మళ్లీ అయినా ఇదే చేస్తా" అన్నాను. దాన్ని కొట్టేయమని నేనెవరికీ అర్జీ పెట్టుకోలేదు.

ఇప్పుడు సిద్దిపేటలో మా దుకాణంలోనే ఉన్నాను. వచ్చినవాళ్లు అడుగుతుంటారు: "ఎంతమందిని కాల్చినవే?" నేను చెప్తాను: "నాలుగొందల తూటాలు కాల్చనియ్యలే. రాసుకోన్రి."

వాళ్లకు చెప్పనిది ఒకటుంది. మర్నాడు ఉదయం ఆరుగంటల ఏడు నిమిషాలు. తెల్లటి వాలు మీద ఆరు మూటలు వరుసగా కదులుతున్నాయి. గన్నర్ చెంప గన్ మడమకు ఆనించి పడుకున్నాడు. ఒక్క తూటా కాల్చే పని పడలేదు. వాడి కనురెప్పల మీద మంచు పేరుకుంది. ఆరో మనిషి బండ వెనక్కి దాటాక, వాడు ఒక్కసారి రెప్ప వేశాడు.